చేతికొచ్చిన ట్రావెల్ బగ్‌ను ఎలా ముందుకు పంపాలి

(దాచిపెట్టిన డబ్బాలను జీపీఎస్ సాయంతో వెతికే జియోక్యాషింగ్ ఆటను సియాటిల్ పరిసరాల్లో కొత్తగా మొదలుపెట్టిన తెలుగు కుటుంబాల ఆదివారం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలు ముందు వరుసల్లోకి వచ్చి కూర్చోవడం చాలా సంతోషంగా ఉంది. ఇవాళ చెప్పబోయే వస్తువులు పెద్దవాళ్ల కంటే ముందు వాళ్ల చేతికే దొరుకుతాయి కాబట్టి, వాళ్లు వింటే సగం పని అయిపోయినట్టే.

డబ్బా వెతకడం గురించి మీకు నేను చెప్పాల్సింది ఏమీ లేదు. మీలో చాలామంది ఇప్పటికే మేరీమూర్ పార్కు, సమ్మామిష్ నది బాట అంతా తిరిగేశారు. యాప్‌లో చూపించిన చోటికి వెళ్తారు, వేర్ల కిందో రాళ్ల మధ్యో డబ్బా దొరుకుతుంది, లోపలి కాగితం మీద పేరు రాస్తారు, పిల్లలు ఒక బొమ్మ తీసుకుని ఇంకో బొమ్మ పెడతారు. అంతవరకు ఎవరికీ సందేహం ఉండదు. డబ్బాలో బొమ్మల మధ్య గొలుసు కట్టిన లోహపు బిళ్ల ఒకటి కనబడితేనే సందేహాలన్నీ మొదలవుతాయి. దీన్ని తీసుకోవచ్చా? తీసుకుంటే బదులుగా ఏదైనా పెట్టాలా? ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు? వచ్చే నెల హైదరాబాద్ వెళ్తున్నాం, అక్కడికి పట్టుకెళ్లొచ్చా? గత కొన్ని వారాలుగా మన గ్రూపులో ఎక్కువగా అడుగుతున్నవి ఇవే. అందుకే ఇవాళ మిగతా విషయాలన్నీ పక్కనపెట్టి ట్రాకబుల్స్ గురించే, అంటే కోడ్‌తో డబ్బా నుంచి డబ్బాకు ప్రయాణించే ఇలాంటి వస్తువుల గురించే మాట్లాడతాను.

ముందు వస్తువును చూడండి. ఈ బిళ్ల పేరు ట్రావెల్ బగ్. సైనికులు మెడలో వేసుకునే గుర్తింపు బిళ్ల ఆకారంలోనే ఉంటుంది. చివర్లో రంధ్రం, అందులోంచి సన్నటి పూసల గొలుసు. దీని మీద పురుగు బొమ్మ ఉంది, ఆ పురుగు ఒంటి మీద బార్‌కోడ్ గీతలు ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇక్కడ చెక్కి ఉన్న కోడ్: అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిపి ఆరు. దీనికి జతగా వచ్చే రెండో బిళ్ల మీద తప్ప ప్రపంచంలో ఇంకే బిళ్ల మీదా ఈ ఆరూ ఇదే వరసలో ఉండవు. జియోక్యాషింగ్ సైట్లో ఈ కోడ్ కొడితే దీని పేజీ తెరుచుకుంటుంది. ఎవరు పంపారు, ఎక్కడికి వెళ్లాలనుకుంటోంది, ఇప్పటిదాకా ఏయే డబ్బాల్లో ఆగింది, మొత్తం ఎంత దూరం తిరిగింది, అన్నీ అందులో ఉంటాయి. నాణెం ఆకారంలో ఉండేదాన్ని జియోకాయిన్ అంటారు. అందంగా ఉంటుంది, బరువుగా ఉంటుంది, అందుకే డబ్బాల్లోంచి ఎక్కువగా మాయమయ్యేది కూడా అదే. పద్ధతులు మాత్రం రెండింటికీ ఒకటే.

నేను చెప్పదలచుకున్నది ఒక్క మాటలో చెప్పేస్తాను. ఆ బిళ్ల వేరొకరిది, మన చేతిలో ఉన్నంతసేపూ వాళ్లదే. దాన్ని పంపినవాళ్లకు మన లాగ్, అంటే సైట్లో మనం చేసే నమోదు తప్ప ఇంకేమీ కనబడదు. మనం దాన్ని వెయ్యి కిలోమీటర్లు మోసినా సరే, లాగ్ రాయకపోతే వాళ్ల దృష్టిలో అది పోయిన వస్తువు. మీరు విన్న నియమాలన్నీ, వినబోయేవన్నీ ఇందులోంచి వచ్చినవే.

కొంచెం వెనక్కి వెళ్దాం, ఎందుకంటే ఈ ఆట మన పక్క రాష్ట్రంలో పుట్టింది. 2000 మే 2న అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో కావాలని పెట్టిన పొరపాటును తీసేసింది. అప్పటిదాకా మామూలు జనం దగ్గరున్న పరికరాలు సుమారు వంద మీటర్ల దాకా తేడా చూపించేవి. ఆ రాత్రితో అవి ఒక్కసారిగా నమ్మదగ్గవి అయ్యాయి. మర్నాడే, మే 3న, డేవ్ ఉల్మర్ అనే ఆయన ఓరెగాన్‌లో బీవర్‌క్రీక్ దగ్గర అడవిలో ఒక బకెట్ పెట్టి, అది ఉన్నచోటి అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్లో ప్రకటించాడు. అందులో పుస్తకాలు, సాఫ్ట్‌వేర్, కొంత డబ్బు, ఇంకేవో వస్తువులు, వాటితో పాటు ఒక బీన్స్ డబ్బా పెట్టాడు. తినే వస్తువులు డబ్బాల్లో పెట్టకూడదన్న నియమం తర్వాత వచ్చింది. ఆ బీన్స్ డబ్బా ఆ తర్వాత దొరికింది. ఇప్పుడు దానికే ఒక ట్రాకబుల్ కోడ్ ఉంది. జియోక్యాషింగ్ సమావేశాలకు దాన్ని జాగ్రత్తగా తీసుకొస్తారు, జనం చూసి లాగ్ చేసుకుంటారు. తుప్పు పట్టిన ఒక టిన్ను ఇన్నేళ్లుగా చేతులు మారుతూ కూడా పోకుండా ఉందంటే, దాన్ని పట్టుకున్న ప్రతి ఒక్కరూ అది తమది కాదని గుర్తుపెట్టుకోవడమే కారణం.

ట్రావెల్ బగ్గులు 2001లో వచ్చాయి. ఈ ఆటను నడిపే సంస్థ ప్రధాన కార్యాలయం మన సియాటిల్‌లోనే, ఫ్రీమాంట్‌లో ఉంది. ఎక్కడెక్కడి దేశాల నుంచో ఆటగాళ్లు దాన్ని చూడటానికి వస్తారు, వస్తూ వస్తూ తమ ఊళ్ల ట్రాకబుల్స్ తెచ్చి అక్కడి పెద్ద పెట్టెలో పెడతారు. మిగతా ఊళ్లతో పోలిస్తే మన చుట్టుపక్కల డబ్బాల్లో దూరదేశాల బిళ్లలు కనబడే అవకాశం ఎక్కువ. జర్మనీ నుంచో చెక్ దేశం నుంచో బయలుదేరినది రెడ్మండ్‌లో మన పిల్లల చేతికి వస్తుంది. అలాంటి చోట ఉంటున్నాం కాబట్టి మన మీద బాధ్యత కూడా కొంచెం ఎక్కువే.

సరే, డబ్బాలో బిళ్ల కనబడింది. తీసుకోవచ్చా? తీసుకోవచ్చు. బదులుగా ఇంకోటి పెట్టాలా? అక్కర్లేదు. డబ్బాలోని మిగతా బొమ్మలు ఇచ్చిపుచ్చుకునే వస్తువులు. ట్రాకబుల్ అలాంటిది కాదు, అది ప్రయాణంలో ఉన్న వస్తువు. కొన్ని పెద్ద డబ్బాలను ట్రాకబుల్స్ కోసమే పెడతారు, వాటిని హోటల్ అని పిలుస్తారు, విమానాశ్రయాల దగ్గర ఎక్కువ కనబడతాయి. కొందరు యజమానులు ‘ఒకటి పెడితేనే ఒకటి తీసుకోవాలి’ అని బోర్డు రాసిపెడతారు. ఉద్దేశం మంచిదే కావచ్చు, హోటల్ ఖాళీ అవకూడదని. కానీ ఆ షరతు వల్ల బిళ్లలు నెలల తరబడి అక్కడే ఇరుక్కుపోతాయి. చేతిలో మరో బిళ్ల లేకపోయినా, దాన్ని ముందుకు పంపగలనన్న నమ్మకం ఉంటే తీసుకోండి. నమ్మకం లేకపోతే చూసి వదిలేయండి. నేను ఇచ్చే సలహా ఇది.

అలాగని దొరికినవన్నీ సంచిలో వేసుకోకండి. డబ్బాలో నాలుగు ఉంటే నాలుగూ తీసుకెళ్లి ఇంట్లో సొరుగులో పడేసేవాళ్లు ఉన్నారు. ముందు కోడ్ కొట్టి పేజీ చూడండి. ప్రతి ట్రాకబుల్‌కూ పంపినవాళ్లు ఒక లక్ష్యం రాస్తారు. ఒకటి లైట్‌హౌస్‌లు చూడాలనుకుంటుంది, ఒకటి జపాన్ చేరాలనుకుంటుంది, ఒకటి తిరిగి ఇంటికి రావాలనుకుంటుంది. తూర్పు తీరానికి వెళ్లాలని రాసి ఉన్నదాన్ని మీరు పడమటికి తీసుకెళ్తే మర్యాద కాదు. మీరు వెళ్లే దారి దానికి పనికొచ్చేదైతే తీసుకోండి. కాకపోతే అక్కడే వదిలేసి, చూశానని మాత్రం లాగ్ చేయండి. దాన్ని డిస్కవర్ అంటారు. డిస్కవర్ చేసినవాళ్లు ఆ వస్తువుకు ఏమీ చేయలేదని అనుకోకండి. ఫలానా రోజున అది ఇంకా డబ్బాలోనే ఉందని పంపినవాళ్లకు తెలియడం చాలా పెద్ద విషయం.

ఇంట్లో ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు అంటే రెండు వారాలు అనుకోండి. అంతకంటే ఆలస్యమయ్యేటట్టుంటే పంపినవాళ్లకు ఒక మెసేజ్ పెట్టండి. ‘మీ బగ్ నా దగ్గర భద్రంగా ఉంది, పాపకు జ్వరం, వచ్చే నెల మొదట్లో పెడతాను’ అని రెండు లైన్లు చాలు. ఆలస్యమైందని ఎవరూ కోప్పడరు. ఏమీ తెలియకపోతేనే టెన్షన్ పడతారు. మనం ఇండియా వెళ్తుంటే తెలిసినవాళ్లు సూట్‌కేసులో పెట్టుకోమని ఇచ్చే పార్సిల్ లాంటిదే ఇదీ. దిగీ దిగగానే ‘అందింది’ అని ఫోన్ చేస్తాం కదా. ఆ ఫోన్ చేసే అలవాటు మనకు బాగా ఉంది, ఇక్కడ కావలసింది కూడా అదే.

ఇప్పుడు లాగ్ ఎలా చేయాలో చెప్తాను. కొంచెం ఓపికగా వినండి, ఎక్కువ తికమక ఇక్కడే.

డబ్బాలోంచి తీసుకున్నప్పుడు ఆ బిళ్ల పేజీలో కోడ్ కొట్టి రిట్రీవ్ అని ఎంచుకుంటారు. అప్పుడది సైట్లో మీ ఖాతాలోకి వస్తుంది. ఇంకో డబ్బాలో పెట్టినప్పుడు ఆ డబ్బా లాగ్ రాసేటప్పుడే, కింద మీ దగ్గరున్న ట్రాకబుల్స్ జాబితా కనబడుతుంది, దాని పక్కన డ్రాప్ అని ఎంచుకోవాలి. చాలామంది ‘డబ్బా దొరికింది’ అని లాగ్ చేసేసి, డ్రాప్ సంగతి మర్చిపోతారు. బిళ్ల ఏమో డబ్బాలో ఉంటుంది, సైట్ ఏమో మీ దగ్గరే ఉందంటుంది. అలా అయితే కంగారు పడక్కర్లేదు, అదే డబ్బా పేజీలో ఒక నోట్ రాస్తూ డ్రాప్ చేయవచ్చు. ఇంటికొచ్చిన సాయంత్రమే చేసేయండి. ‘రేపు చేద్దాంలే’ అనుకుంటే ఈలోగా ఇంకెవరో ఆ డబ్బా తెరుస్తారు. తేదీ కూడా సరిగ్గా వేయండి. మంగళవారం లాగ్ చేస్తున్నా, పెట్టింది ఆదివారమైతే ఆదివారం తేదీయే వేయాలి. సైట్ తేదీల వరస చూసుకుని డబ్బా నుంచి డబ్బాకు గీత గీస్తుంది, దూరం అలాగే లెక్కిస్తుంది. తేదీలు అటూఇటూ అయితే మ్యాప్ మీద బిళ్ల వెనక్కీ ముందుకీ పరుగెత్తినట్టు కనబడుతుంది.

ఎక్కువగా గొడవలొచ్చే సందర్భం ఒకటుంది. ఒకాయన శనివారం పొద్దున బాథెల్‌లో ఒక డబ్బాలో బగ్ పెట్టాడు. ఇంటికెళ్లి లాగ్ చేద్దామనుకున్నాడు. మీరు అదే రోజు సాయంత్రం ఆ డబ్బా తెరిచి బగ్ తీసుకున్నారు, బస్సులోనే ఫోన్ తీసి లాగ్ చేయబోయారు. సైట్ చూస్తే ఆ బగ్ ఇంకా ఆయన దగ్గరే ఉందని చూపిస్తోంది. రిట్రీవ్ చేయడానికి వీల్లేదు, గ్రాబ్ మాత్రం చేయవచ్చు. గ్రాబ్ అంటే డబ్బాతో సంబంధం లేకుండా నేరుగా ఒక మనిషి ఖాతాలోంచి తీసుకోవడం. మీరు గ్రాబ్ కొట్టేశారు. రాత్రి ఆయన కంప్యూటర్ ముందు కూర్చుంటే బగ్ ఆయన జాబితాలో లేదు, డ్రాప్ చేయడానికి వీల్లేదు. ఆయన అంత దూరం మోసుకొచ్చి పెట్టిన ఆ డబ్బా బగ్ ప్రయాణంలో నమోదు కాకుండా పోయింది. ఆయన టెక్సస్ నుంచి తెచ్చి ఉండొచ్చు కూడా.

అందుకని అలాంటప్పుడు ఆగండి. ఆయనకు మెసేజ్ పెట్టండి, ‘మీ బగ్ ఫలానా డబ్బాలో నాకు దొరికింది, మీరు డ్రాప్ చేయగానే నేను తీసుకుంటాను’ అని. కొన్ని రోజులు చూడండి. కొందరు ప్రయాణంలో ఉంటారు, వారం తర్వాత కానీ లాగ్ చేయరు. ఎంతకీ జవాబు రాకపోతే అప్పుడు గ్రాబ్ చేయండి. చేసి ఊరుకోకుండా, బగ్ మీకు దొరికిన డబ్బా పేజీలో నోట్ రాసి అక్కడ డ్రాప్ చేయండి, వెంటనే మళ్లీ రిట్రీవ్ చేసుకోండి. దారి సరిగ్గా పడుతుంది, ఆయన పెట్టిన చోటూ నమోదవుతుంది. ఐదు నిమిషాల పని. ఎవరూ చేయమని అడగరు, చేయకపోతే పట్టుకోరు కూడా. కానీ ఈ ఐదు నిమిషాలు పెట్టేవాళ్లంటే నాకు చాలా గౌరవం.

విజిట్ అని ఇంకొకటుంది. బిళ్లను మీ దగ్గరే ఉంచుకుని, వెళ్లిన డబ్బాలన్నిటికీ అది కూడా వచ్చిందని నమోదు చేయడం. యాప్‌లో ఒకసారి ఆన్ చేస్తే ప్రతి డబ్బాకూ దానంతటదే విజిట్ పడిపోతుంది. మీ సొంత ట్రాకబుల్‌కు మీ ఇష్టం, ఎన్ని కావాలంటే అన్ని వేసుకోండి. కానీ వేరేవాళ్ల బిళ్లకు అలా చేయకండి. ప్రతి లాగ్‌కూ పంపినవాళ్లకు ఒక మెయిల్ వెళ్తుంది. శనివారం మీరు ఇరవై డబ్బాలు తెరిస్తే వాళ్లకు ఇరవై మెయిల్స్, అందులో ఒక్క మాట కూడా ఉండదు. ఏదైనా చెప్పుకోదగ్గ చోటికి తీసుకెళ్తే విజిట్ చేయండి, రెండు వాక్యాలు రాయండి, ఫోటో పెట్టండి. మౌంట్ రైనియర్ దగ్గర మంచులో తీసిన ఒక్క ఫోటో ఇరవై ఖాళీ విజిట్ల కంటే నయం.

లాగ్‌లో ఏం రాయాలని పిల్లలు అడుగుతుంటారు. ఎక్కడ దొరికింది, మీతో ఎక్కడెక్కడికి వచ్చింది, ఎక్కడ పెట్టారు, ఎందుకు అక్కడే పెట్టారు. ‘థాంక్స్’ అని ఒక్క మాట పడేసి వెళ్లిపోకండి. అవతలివాళ్లు ఏళ్ల తర్వాత కూడా ఆ పేజీ తెరిచి చదువుకుంటారు. వాళ్లకు అర్థమయ్యేలా ఇంగ్లీషులో రాసి, కింద తెలుగులో కూడా ఒక వాక్యం రాయండి. తమ బగ్ పేజీ మీద కొత్త లిపి కనబడితే చాలామంది సంతోషపడతారు.

ఫోటోల విషయంలో మాత్రం ఒక జాగ్రత్త. కోడ్ కనబడేలా ఫోటో ఎక్కడా పెట్టకండి. బొటనవేలు అడ్డం పెట్టి తీయండి, లేదా తర్వాత చెరిపేయండి. పేజీ మీద టీబీతో మొదలయ్యే ఒక నంబర్ అందరికీ కనబడుతుంది, దాన్ని చెప్పినా ఫర్వాలేదు. బిళ్ల మీద చెక్కిన కోడ్ వేరు. వస్తువు మన కంటపడిందనడానికి అదే రుజువు. ఆ రుజువును జాబితాలుగా రాసి పంచుకునేవాళ్లు ఉన్నారు. ఇంట్లో కూర్చుని వందల కోడ్లు కొట్టి, ఎన్నడూ చూడని వస్తువులను చూశానని లాగ్ చేస్తారు. దీని వల్ల ఎవరికీ నష్టం లేదని వాదిస్తారు కానీ నేను ఒప్పుకోను. తన బిళ్ల ఎక్కడుందో నిజంగా వెతుక్కుంటున్న మనిషికి అలాంటి దొంగ లాగ్ వస్తే, పోయిందనుకున్నది దొరికిందని ఆశపడతాడు. అలాంటి లాగ్‌లను చెరిపేసే హక్కు ట్రాకబుల్ యజమానికి ఉంది. కోడ్లు బయటపడి దుర్వినియోగమైన ట్రాకబుల్స్‌ను సంస్థే లాగ్ చేయడానికి వీల్లేకుండా తాళం వేయడం కూడా జరుగుతుంది.

ఫోటో చూసి లాగ్ చేయడానికి అందరూ ఒప్పుకునే ట్రాకబుల్ ఒకటుంది, అది పిల్లలకు చాలా ఇష్టం. నాసా వాళ్ల పర్సెవరెన్స్ రోవర్ మీద షెర్లాక్ అనే పరికరం ఉంది. దాన్ని సరిచూసుకోవడానికి రోవర్ ముందు భాగంలో ఒక చిన్న పలక అమర్చారు, ఆ పలక మీద ట్రాకబుల్ కోడ్ చెక్కారు. రోవర్ 2021 ఫిబ్రవరి 18న అంగారకుడి మీద జెజెరో బిలంలో దిగింది. అక్కడి నుంచి అది పంపే ఫోటోల్లో ఆ పలకను వెతికి, కోడ్ చదివి, డిస్కవర్ చేయవచ్చు. అక్కడికి వెళ్లి చూసే దారి ఎవరికీ లేదు కాబట్టి ఆ పద్ధతి పెట్టారు. కోడ్ ఎవరినైనా అడిగి తెలుసుకోకండి. పిల్లలతో కూర్చుని నాసా ఫోటోలు ఒక్కొక్కటీ పెద్దవి చేసి వెతికించండి, ఒక సాయంత్రం హాయిగా గడిచిపోతుంది.

ఎక్కడ పెట్టాలన్న విషయానికి వద్దాం. ఫిల్మ్ డబ్బీ అంత ఉన్నదాంట్లో ట్రాకబుల్ కుక్కకండి, దాని మూత సరిగ్గా పడక లోపలి కాగితం తడిసిపోతుంది. డబ్బా పేజీలో చివరి నాలుగైదు లాగ్‌లు చదవండి. ‘దొరకలేదు’ అని వరసగా రాసి ఉన్నా, ‘నీళ్లు చేరాయి’ అని రాసి ఉన్నా అక్కడ పెట్టవద్దు. మన దగ్గర తొమ్మిది నెలలు వాన, మూత పగిలిన డబ్బాలో బిళ్లతో పాటు ఉన్న కాగితం వారంలో ముద్దయిపోతుంది. జిప్ కవర్లో వేసి పెట్టండి. బస్ స్టాపులు, దుకాణాల పార్కింగ్ లాట్లు లాంటి రద్దీ చోట్ల ఉన్న డబ్బాలు తరచూ మాయమవుతుంటాయి, వాటి కంటే కొంచెం నడక ఉన్న బాట పక్క డబ్బా నయం. సమావేశాల్లో బల్ల మీద పెట్టి డ్రాప్ చేసేవాళ్లు, వెళ్లేలోపు దాన్ని ఎవరైనా తీసుకున్నారో లేదో చూసుకోండి. లేకపోతే చివరికి సమావేశం పెట్టినవాళ్ల నెత్తిన అనాథ బిళ్లలు పడతాయి.

ఇక ఇండియా ప్రయాణం. మనవాళ్లకు ఇదే పెద్ద ఆశ, నాకూ అర్థమవుతుంది. ఇక్కడి నుంచి హైదరాబాద్‌కు గీత గీస్తే సుమారు 12,500 కిలోమీటర్లు. ఒక్క డ్రాప్‌తో బిళ్ల చరిత్రే మారిపోతుంది. కానీ తీసుకెళ్లే ముందు మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది, అక్కడ పెట్టడానికి డబ్బా ఉందా? ఇక్కడ మన వీధి చివర కూడా డబ్బా దొరుకుతుంది. హైదరాబాద్, విశాఖ, విజయవాడల్లో అలా కాదు, డబ్బాలు చాలా తక్కువ, ఉన్నవాటిలోనూ ఏళ్లుగా ఎవరూ తెరవనివి ఉంటాయి. బయలుదేరకముందే మ్యాప్ చూసి, ఈ మధ్య ఎవరైనా కనుక్కున్న డబ్బాను ఎంచుకోండి. మీరు పెట్టిన తర్వాత అక్కడికి మళ్లీ ఎవరు వస్తారు, ఎప్పుడు వస్తారు అన్నది ఆలోచించండి. ఏడాదికి ఒక్కరు వచ్చే డబ్బాలో పెడితే బిళ్ల అక్కడే ఏడాది కూర్చుంటుంది. దానికంటే దారిలో దుబాయ్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో ఆగేటప్పుడు, బయటికొచ్చే టైమ్ ఉంటే, అక్కడ పెట్టడం దానికి మేలు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో అయితే మరీ మంచిది, జర్మనీలో ఈ ఆట ఆడేవాళ్లు చాలా ఎక్కువ.

రెండోది, పంపినవాళ్లను ముందే అడగండి. ‘మీ బగ్‌ను హైదరాబాద్ తీసుకెళ్తున్నాను, అక్కడ డబ్బాలు తక్కువ, వదిలేయమంటారా, చూపించి వెనక్కి తెమ్మంటారా’ అని. చాలామంది ఎగిరి గంతేస్తారు. కొందరు చూపించి తెమ్మంటారు. అప్పుడు గోల్కొండ దగ్గరో ఇంకెక్కడో ఉన్న డబ్బాలో విజిట్ వేసి, ఫోటోలు పెట్టి, తిరిగొచ్చాక ఇక్కడ డ్రాప్ చేస్తే వెళ్లిన దూరం, వచ్చిన దూరం రెండూ లెక్కలోకి వస్తాయి. ఊళ్లో మామిడి తోటలో తాతగారి చేతిలో ఉన్న ఫోటో కూడా పెట్టండి, అక్కడ డబ్బా లేకపోయినా ఫర్వాలేదు. అలాంటి ఫోటోల కోసమే వాళ్లు బిళ్ల పంపిస్తారు.

మూడోది, విమానాశ్రయం. గొలుసుకు ఏం కట్టి ఉందో చూసుకోండి. బొమ్మ తుపాకీ, చిన్న కత్తి, తూటా ఆకారం ఉన్నవి చేతి సంచిలో వద్దు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ వెళ్లేవాళ్లు చెక్క, గింజలు, ఈకలు, గవ్వలు కట్టిన ట్రాకబుల్స్ ఉంటే కస్టమ్స్ ఫారంలో తప్పకుండా చెప్పండి. అక్కడ ఆ నియమాలు చాలా కఠినం, చెప్పకపోతే జరిమానా కూడా పడుతుంది.

డబ్బాలో ఉండాల్సిన బిళ్ల లేకపోతే ఏం చేయాలి? డబ్బా లాగ్‌లో ‘జాబితాలో ఉన్న ఫలానా బగ్ కనబడలేదు’ అని మర్యాదగా ఒక్క వాక్యం రాయండి. ఎవరు తీశారో అని ఊహలు రాయకండి. డబ్బా యజమాని కానీ ట్రాకబుల్ యజమాని కానీ దాన్ని మిస్సింగ్ అని గుర్తుపెడతారు, అప్పుడది ఆ డబ్బా జాబితాలోంచి తొలగిపోతుంది. అలా గుర్తుపెట్టిన తర్వాత కూడా ఎప్పుడో ఎక్కడో దొరికితే కోడ్‌తో గ్రాబ్ చేయగానే మళ్లీ ప్రయాణం మొదలవుతుంది. కాబట్టి మీ ఇంట్లో పాత సంచిలో, కారు డాష్‌బోర్డులో ఎప్పటిదో బిళ్ల కనబడితే ఆలస్యమైందని సిగ్గుపడి దాచేయకండి. ఎన్నేళ్లయినా సరే, పంపినవాళ్లకు రెండు ముక్కలు రాసి దగ్గర్లోని మంచి డబ్బాలో పెట్టేయండి.

చివరగా, మీలో కొందరు సొంతంగా ట్రావెల్ బగ్ పంపాలనుకుంటున్నారు. పొద్దున ఒక పాప కొండపల్లి బొమ్మ కడతానని చెప్పింది. మంచి ఆలోచన, కానీ నా మాట వింటే ఆ బొమ్మను కట్టకు తల్లీ. తెల్ల పొణికి చెక్క చాలా తేలిక, రంగులు తడికి తట్టుకోవు, మన వానల్లో ఒక్క శీతాకాలం కూడా నిలవదు. ఆస్ట్రేలియా కస్టమ్స్ దగ్గర ఏమవుతుందో ఇందాకే చెప్పాను. పైగా ట్రాకబుల్స్‌లో చాలావాటికి ఎప్పుడో ఒకప్పుడు జాడ తెగిపోతుంది, అది తెలుసుకునే పంపాలి. తిరిగి రాకపోతే ఏడుపొచ్చే వస్తువును గొలుసుకు కట్టకూడదు. బొమ్మను ఇంట్లోనే ఉంచుకో. దాని ఫోటో తీసి, వెనక కొండపల్లి గురించి మూడు వాక్యాలు, నీ బగ్ ఎక్కడికి వెళ్లాలనుకుంటోందో ఒక వాక్యం రాసి, లామినేషన్ చేయించి బిళ్లకు కట్టు. ట్రావెల్ బగ్ కొంటే ఒకే కోడ్‌తో రెండు బిళ్లలు వస్తాయి. ఒకటి పంపించు, రెండోది నీ దగ్గర దాచుకో. మొదటిది నిజంగా పోయిందని తేలితే రెండోదానితో మళ్లీ మొదలుపెట్టొచ్చు, అప్పటిదాకా తిరిగిన దూరం, వచ్చిన లాగ్‌లు అన్నీ అలాగే ఉంటాయి. ఎవరైనా మంచి లాగ్ రాస్తే జవాబు మాత్రం తప్పకుండా రాయి.

ఇప్పుడు ఆ బల్ల దగ్గరికి రండి. అక్కడ పరిచి ఉన్న బిళ్లలను డిస్కవర్ చేసుకోవచ్చు, వాటి యజమానులు ఒప్పుకున్నారు. ఫోటో తీసేటప్పుడు కోడ్ మీద వేలు పెట్టడం మర్చిపోకండి. ఈ నెలలో ఇండియా వెళ్లేవాళ్లు నాకు చెప్పండి, మన చుట్టుపక్కల డబ్బాల్లో చాలాకాలంగా కూర్చున్న బగ్గులు కొన్ని ఉన్నాయి, వాటి లక్ష్యాలు కలిసి చదువుదాం.